బిడ్డల ఆటలు - పెద్దల విధి

వానలు కొంత తెరపి యిచ్చి వరిచేలు పొట్టకు వచ్చు దినములలో మన పాఠశాలలయందు ఆటల పోటీలు ప్రారంభమగుచుండును. మండలమున నెగ్గినవారు జిల్లాకును, జిల్లాలో నెగ్గినవారు రాష్ట్రమునకును పోవుదురు. వ్యాయామోపాధ్యాయులు తెల్లవారకముందే లేచి మైదానమున సున్నపుగీతలు గీయించి, ఈలలు మెడలో వేసికొని సిద్ధముగా నుందురు. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు, పరుగుపందెములలో పాల్గొను బాలబాలికలు ఉత్సాహముతో ఉఱ్ఱూతలూగుచుందురు. కాని ఆ సున్నపుగీతలకు వెలుపల ఎవ్వరున్నారో ఒక్కమారు చూడుడు. తోడి విద్యార్థులు, ఉపాధ్యాయులు, పల్లీలమ్ముకొను బండివాడును కనబడుదురు. కన్న తలిదండ్రులు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినంత మంది యుందురు. నిజామాబాదు పట్టణమునను, బోధను చెఱకు సీమయందును ఏటేట కనబడుచున్న యీ దృశ్యమును గూర్చి మా పాఠకులకు రెండు మాటలు విన్నవింపదలచినాము.

ఈ సీమవారికి ఆటలనిన గిట్టదనుట సత్యము కాదు. హోలీ వచ్చినదా, బోధను ప్రాంతపు పల్లెలలో కుస్తీపోటీలు జరుగవలసినదే. కొబ్బరికాయ పందెముతో మొదలై వెండి కడియముతో ముగియు ఆ కుస్తీలను చూచుటకు ఊరూరి జనము తరలివచ్చును. బోధనుకు సమీపమున నున్న హున్సా గ్రామమున హోలీనాడు జరుగు పిడిగుద్దులాటను చూచుటకు చుట్టుప్రక్కల పల్లెలన్నియు కదలుచున్నవి. క్రికెట్టు పోటీ యున్ననాడు టెలివిజను ముందు కూర్చున్నవారికి అన్నము సయితము గుర్తుండదు. కావున మనకు చూచు కన్నులు లేవనరాదు. చేతులు చఱచు అలవాటు లేదనరాదు. పరుల బిడ్డల ఆటకు పరుగెత్తు మనము మన బిడ్డల ఆటకు మాత్రము పోము. ఇదియే వింత.

దీనికి కారణమేమి? పరీక్షల ఫలితములు చెప్పుదినమున బడినుండి కబురు వచ్చినచో తండ్రి పనులు మాని పోవును. గణితములో తగ్గిన నాలుగు మార్కులను గూర్చి ఉపాధ్యాయుని నిలదీసి యడుగును. ఆటల దినమున కబురు వచ్చినచో, 'పిల్లల ఆటకు మేమెందుకు?' అని నవ్వి ఊరకుండును. చదువు అన్నము పెట్టును, ఆట అన్నము చెఱచునను తలంపు మన మనస్సులలో నాటుకొనియున్నది. తన కష్టము నెవ్వరును చూడలేదను చింతతో ఇంటికి మరలివచ్చిన బిడ్డ, మరుసటి సంవత్సరము పోటీకి పేరీయదు. ముఖ్యముగా ఆడుబిడ్డ పేరీయదు. ఆమె ఆట మానినదన్న సంగతి కూడ మనకు తెలియదు. ఆడుచుండగా చూచిననాడు గదా, మానినప్పుడు తెలియుట!

ఈ సందర్భమున మన పట్టణపు కథయే యొకటి జ్ఞాపకము చేయుట యవసరము. నిఖత్ జరీన్ 1996వ సంవత్సరము జూన్ 14వ తేదీన నిజామాబాదులో జన్మించినది. నలుగురు ఆడుబిడ్డలలో ఆమె మూడవది. తండ్రి జమీల్ అహ్మదు స్వయముగా ఫుట్‌బాలు, క్రికెట్టు ఆడినవారు. ఆయన సౌదీ అరేబియాలో సుమారు 15 సంవత్సరములు అంగడి కొలువు చేసి, బిడ్డల చదువు కొఱకును ఆటల కొఱకును స్వస్థలమునకు మరలివచ్చిరి. కలెక్టరేటు మైదానమునకు కుమార్తెను వెంటబెట్టుకొనిపోయి మొదట పరుగు నేర్పించినవారు ఆయనయే. తరువాత బాలిక దృష్టి ముష్టియుద్ధముపై బడెను. మగపిల్లల నడుమ ఒంటరిగా సాధన చేయుచున్న ఆడుపిల్లను గూర్చి బంధువులు, ఇరుగుపొరుగువారు పలుమాట లనిరి. పొట్టి దుస్తులేమి, ఆ దెబ్బలేమి, రేపు పెండ్లి యెట్లగునని ప్రశ్నించిరి. సాధనలో గాయపడి యింటికి వచ్చిన బిడ్డను చూచి తల్లి పర్వీన్ సుల్తానా కన్నీరు పెట్టినదనియు, పిదప తానే గుండె దిటవు చేసికొన్నదనియు ఆ కుటుంబమువారే పత్రికలకు చెప్పియున్నారు.

ఆ బిడ్డ 2011లో టర్కీ దేశపు అంతల్యా నగరమున జూనియరు ప్రపంచ పోటీలలో స్వర్ణము సాధించెను. 2022 మే నెలలో ఇస్తాంబులునను, 2023 మార్చిలో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచెను. 2022లోనే బర్మింగుహాము కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము గెలిచెను. ఇవి యెల్లరు నెఱిగినవే. మేము చెప్పదలచినది వేరొకటి. ఆమె చేతులకు తొడుగులు తొడిగిన తొలిదినములలో స్త్రీల ముష్టియుద్ధమునకు ఒలింపిక్సులో స్థానమే లేదు. 2012వ సంవత్సరమున లండనులో గాని అది ప్రవేశింపలేదు. అనగా ఆ తండ్రి కలెక్టరేటు మైదానమున నిలబడినది ఒలింపిక్సు పతకమును చూచి కాదు. బిడ్డకు ఇష్టమైన పనిని బిడ్డ శ్రద్ధగా చేయుచున్నదని చూచి నిలబడినాడు. పతకములు తరువాత వచ్చినవి. రాకున్నను ఆ నిలబడుట వ్యర్థమయ్యెడిది కాదు.

మన జిల్లాలో ఇట్టి యుదాహరణ మొక్కటియే కాదు. నిఖతునకు తొలి పాఠములు నేర్పిన శంసముద్దీనుగారు తన కుమారుడు హుసాముద్దీనును గూడ ముష్టియుద్ధమున తీర్చిదిద్దిరి. ఆ యువకుడు 2018, 2022 సంవత్సరముల కామన్వెల్తు క్రీడలలోను, 2023లో తాష్కెంటులో జరిగిన ప్రపంచ పోటీలలోను కాంస్య పతకములు గెలిచెను. సిరికొండ మండలము పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులమున చదివినది. తలిదండ్రులు వ్యవసాయపు పనులు చేసికొని బ్రదుకువారు. మంచుకొండ నెన్నడును చూడని ఆ దంపతులు, తమ చిన్నారిని దానిపైకి పంపుటకు సమ్మతించుటలో నెంత ధైర్యమున్నదో మనము ఊహించుకొనవచ్చును. లంబాడీ తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల ఫుట్‌బాలు జట్టున స్థానము సంపాదించెను. వీరెవ్వరును సంపన్నుల బిడ్డలు కారు. వీరి వెనుక నున్నది ధనము కాదు. ఇంటిలో నొక పెద్ద నోరు తెరచి 'పో, బిడ్డా!' యనిన మాట.

అయినను ప్రతి బిడ్డయు నిఖతు కావలెనని మేము కోరుటలేదు. అట్లు కోరుట బిడ్డలకు ద్రోహము. పాఠశాలలో పరుగెత్తు నూర్గురిలో తొంబదితొమ్మండుగురు ఏ పతకమును తేకయే పెద్దవారై పొలములకును, అంగళ్లకును, కొలువులకును పోవుదురు. మా విన్నపమంతయు ఆ తొంబదితొమ్మండుగురిని గూర్చియే. ఆటలో బిడ్డ నేర్చుకొనునది గెలుపు మాత్రము కాదు. నియమమునకు లోబడుట, తనకంటె బలవంతుని యెదుట నిలబడుట, ఓడి లేచుట, గెలిచినవానితో చేయి కలుపుట అచ్చటనే నేర్చును. శరీరారోగ్యము సంగతి చెప్పనక్కఱలేదు. ఐదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములైన చెమటపట్టునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2016వ సంవత్సరపు లెక్కలనుబట్టి ప్రపంచములో పదునొకండు మొదలు పదునేడేండ్లలోపు వారిలో నూటికి 81 మంది అంతమాత్రపు శ్రమయు చేయుటలేదు. బాలురలో ఈ సంఖ్య 78, బాలికలలో 85. ఆడుబిడ్డలే వెనుకబడుచున్నారనుటకు ఇంతకంటె నిదర్శనమేల? పండ్రెండేండ్లు దాటగనే ఆడుపిల్లను మైదానమునుండి యింటికి పిలుచుకొను మన ఆచారమును ఈ సంఖ్యల ప్రక్కన నుంచి చూచుకొందము.

ఇక మైదానమునకు వచ్చు కొలదిమంది తలిదండ్రులను గూర్చియు నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. కొందఱు వచ్చి బిడ్డకు బలమగుటకు మారు భారమగుచున్నారు. నిర్ణేతతో తగవులాడుదురు. ఎదుటి పక్షపు పిల్లలను నోటికి వచ్చినట్లు దూషింతురు. ఓడిన బిడ్డను నలుగురి యెదుట మందలింతురు. 'ఫలానావాని కొడుకును చూడు, నీవును ఉన్నావు' అని పోల్తురు. కోళ్లపందెమున కోడిని చూచు చూపునకును ఈ చూపునకును భేదమేమి? ఈ జాడ్యము మన దేశమునకే పరిమితమైనది కాదు. అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున 1999లో ఒక ఫుట్‌బాలు సంఘమువారు తలిదండ్రుల కేకలు పడలేక, ఒక ఆదివారమున పెద్దలెవ్వరును నోరు మెదపరాదని నియమము చేసిరి. మైదానమున ఆనాడు పిల్లల మాటలే వినబడవలెనని వారి యుద్దేశము.

నార్వే దేశమువారు ఇంకను ముందునకు పోయిరి. పిల్లల ఆటలకు వారు 1987లోనే ప్రత్యేక నియమములు చేసికొనిరి. 2007లో క్రీడలయందు పిల్లలకు గల హక్కులను ప్రకటించిరి. పదునొకండవ సంవత్సరము వచ్చువఱకు పిల్లల పోటీలలో ఎవడు మొదటివాడు, ఎవడు కడపటివాడు అను పట్టికలు అచ్చట వేయరు. ఆడుట, స్నేహము, ఆనందము - ఇవియే ఆ వయస్సునకు ముఖ్యమని వారి సిద్ధాంతము. ఇట్లు చేసినచో పిల్లలు మెత్తబడుదురని మనలో కొందఱు శంకింపవచ్చును. సుమారు 50 లక్షల జనాభా గల ఆ చిన్నదేశము 2018 శీతకాలపు ఒలింపిక్సులో 39 పతకములు సాధించి అగ్రస్థానమున నిలిచినది. బాల్యమున తొందరపెట్టనివారే తరువాత దూరము పోయిరని తెలియుచున్నది. మొక్కకు నీరు పోయవలెను గాని, పెరిగినదో లేదో యని దినదినము పెరికి చూడరాదు గదా!

మఱియొక న్యాయమైన ఆక్షేపణ కలదు. 'మాకు తీరిక యెక్కడిది?' అని పేదలడుగుదురు. ఈ ప్రశ్నకు మేము తలవంచుచున్నాము. మన జిల్లాలో ఎందఱో తల్లులు బీడీలు చుట్టి యిల్లు గడుపుచున్నారు. వేయి బీడీలకింత యని లెక్కగట్టి యిచ్చు కూలిలో, పూటసేపు మైదానమున కూర్చున్న తల్లి ఆ పూట కూలిని పోగొట్టుకొనవలసినదే. తండ్రులలో వేలమంది దుబాయి, సౌదీ, మస్కటు, కువైటులలో నున్నారు. బోధను సంగతి మఱియు శోచనీయము. 1937లో స్థాపితమైన నిజాము చక్కెర కర్మాగారము ఈ సీమకు అన్నదాతగా నుండెను. 2002లో ప్రైవేటువారి చేతులలో బడి, 2015 డిసెంబరులో మూతపడెను. దానిని నమ్ముకొన్న కార్మికుల కుటుంబములు చెదరిపోయినవి; నిజాంసాగరు నీటితో చెఱకు పండించిన రైతులు ఇతర పైరులకు మరలిరి. పనికొఱకు ఊరు విడిచిన తండ్రిని 'నీ కుమారుని కబడ్డీకి ఏల రాలేదు?' అని అడుగుట క్రౌర్యమగును.

కావున దోషమంతయు తలిదండ్రులపై మోపి చేతులు దులుపుకొనుట మా యభిమతము కాదు. మైదానమునకు వచ్చుటను సులభము చేయవలసిన బాధ్యత నలుగురిపై నున్నది. మొట్టమొదట పాఠశాలలవారు పోటీల తేదీని వారము రోజుల ముందైనను ఇండ్లకు తెలుపవలెను. పని దినము నడుమ గాక, ఉదయము పెందలకడనో, సెలవు దినముననో జరిపినచో కూలిజనము కొంత రాగలరు. వచ్చినవారికి నీడయు, త్రాగునీరును, ఆడువారికి మరుగును ఏర్పరుపవలెను. ఒక టార్పాలిను, రెండు కుండలు, నాలుగు బల్లలు - ఇంతకు మించిన ఖర్చు లేదు. తండ్రి గల్ఫులో నున్న బిడ్డకు తాతయో, మేనమామయో, పెదనాయనయో రావలెను. చేతిలో ఫోనున్నది గదా; బిడ్డ పరుగును దూరముననున్న తండ్రికి చూపవలెను. రాత్రి వేళ పనినుండి వచ్చి తన బిడ్డ పరుగును చూచుకొన్న తండ్రికి ఆ నిద్ర వేరుగా నుండును.

భూస్వాములును, వ్యాపారస్థులును అగు మా పాఠకులకు ప్రత్యేకముగా నొక మాట. మీ పొలములలో, గిడ్డంగులలో, రైసుమిల్లులలో పనిచేయువారి బిడ్డలు ఆడుదినమున వారికి పూట సెలవు, కూలి కోయక, ఇచ్చి చూడుడు. సంవత్సరమునకు ఒక్క పూట! దానివలన మీ పంట తఱుగదు. మీ గ్రామ పాఠశాలకు ఆటస్థలము లేనియెడల, ఊరి దాపున నున్న మీ భూమిలో కొంత ఆటకు విడుచుట ధర్మములలో నొకటి. చెఱువులు త్రవ్వించినవారిని, తోపులు వేయించినవారిని మన పెద్దలు తలచుకొనుచు వచ్చిరి. ఈనాటి బిడ్డలకు మైదానమిచ్చినవారిని రేపటివారు తలచుకొందురు.

ప్రభుత్వమువారు తమ విధిని మఱువరాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఉండవలసిన వసతులలో ఆటస్థలమును గూడ చేర్చియున్నది. అయినను పట్టణములో పెక్కు ప్రైవేటు పాఠశాలలు మేడలపైన, సందులలో నడచుచున్నవి. పిల్లలు మెట్లెక్కి దిగుటయే వారికి వ్యాయామము! మూడు వేల గజముల స్థలము కనబడినచో దానిని వెంచరుగా మార్చు నేటి కాలమున, మైదానములను కాపాడుట అధికారులకును, పురపాలక సంఘమునకును మొదటి పని కావలెను. తలిదండ్రులు మైదానమునకు వచ్చుట యలవాటైననాడు, మైదానము మాయమైనచో అడుగువారును పుట్టుదురు. ఎవ్వరును చూడని స్థలమునే గదా ఎవడైనను ఆక్రమించునది!

విజేత పట్టణమునకు వచ్చినపుడు పూలమాలలు వేయుట మనకు తెలియును. ఆ దినమున మన వీధులు నిండిపోవును. అది తప్పు కాదు. కాని అది సులభము. 2017లో భుజమునకు గాయమై శస్త్రచికిత్స చేయించుకొని నిఖతు ఒక సంవత్సర కాలము పోటీలకు దూరమైనప్పుడు ఊరేగింపులు లేవు. 2024 ఆగస్టు 1వ తేదీన పారిసు ఒలింపిక్సులో రెండవ పోటీయందే చైనా క్రీడాకారిణి ఊ యూ చేతిలో ఓడి ఆమె కన్నీరు పెట్టుకొన్ననాడు తాళమేళములు లేవు. అట్టి దినములలో వెనుక నిలుచునది ఇంటివారు మాత్రమే. ఆమె మరల సాధన చేసి 2025 నవంబరులో గ్రేటరు నోయిడాలో జరిగిన ప్రపంచ కప్పు ఫైనల్సులో స్వర్ణము గెలిచెను. మన చెఱకు రైతునకు ఇది క్రొత్త పాఠము కాదు. గడను నరికిన పిదప మోడును చూచి తోట పోయినదని అతడు ఏడువడు, నీరు పెట్టును. ఆ మోటినుండియే మరల పిలకలు లేచును.

కావున రాబోవు పోటీల దినమున మా పాఠకులు ఒక పూట పని మాని, తమ బిడ్డల పాఠశాల మైదానమునకు పోవలెనని కోరుచున్నాము. బిడ్డ మొదటివాడుగా వచ్చినను, కడపటివాడుగా వచ్చినను, 'మంచిగ ఉరికితివి, బిడ్డా!' యని వీపు తట్టి, చేయి పట్టుకొని యింటికి తీసికొని రండు. ఆడుబిడ్డయైనచో తప్పక పోవలయును. నలుగురేమనుకొందురో యని ఆమె వెనుదిరిగి చూచినపుడు, ఆ నలుగురి ముందు మీరు కనబడవలెను.